ఇరవై అయిదు డిగ్రీల వీపు

నేను ఒక తల లేని ఇనప మనిషిని. చేతులూ లేవు. నడుము, వీపు, రెండు కాళ్లు, అంతే. అనంతపురం దగ్గర కార్లను గోడకు గుద్ది చూసే పరీక్షశాలలో నా కొలువు. గుద్దే ముందు డ్రైవరు సీటు ఎంత వాలి ఉండాలో నేను కూర్చుని చెప్పాలి. కూర్చోబెట్టాక ఒళ్లంతా ఇనప బిళ్లలు పేర్చి మనిషంత బరువు చేస్తారు కనుక నాకు బరువయ్య అని పేరు పెట్టారు.

ఆ రోజు కొలతలు తీసే హొన్నూరమ్మ నన్ను మూడుసార్లు ఎక్కించి దించింది. కాగితంలో వీపు వాలు ఇరవై అయిదు డిగ్రీలని ఉంది. సీటు పిడి లాగి, కీలులోని పళ్ల చక్రం మీద ఒక పన్ను ముందుకు, ఒక పన్ను వెనక్కి; చివరకు కుదిరింది. సీటు కదిలితే తెలిసేలా కీలు మీద టేపు అంటించి గీత గీసింది. నన్ను దించేశారు; ఇక నా చోట, మనిషికి బదులు గుద్దు తినే పరీక్ష బొమ్మ కూర్చోవాలి.

అంతలో పెద్ద సారు నాగభూషణం గుమ్మడికాయతో, నిమ్మకాయలతో వచ్చాడు. "కొత్త బండికి పూజ లేకుండానా?" అన్నాడు. కాసేపట్లో నుజ్జు చేయబోయే బండికి క్షేమం కోరి పూజ! పెట్రోలు తీసేసిన బండి కనుక నలుగురు వెనక నుంచి తోశారు. సారు డ్రైవరు సీట్లో కూర్చుని, దాన్ని హాయిగా వెనక్కి వాల్చుకుని నిమ్మకాయలు తొక్కించాడు. ఇంత చదివినవాళ్లను ఏమనాలి?

హొన్నూరమ్మ టేపు చూసింది. గీత రెండు ముక్కలైంది.

"సార్, సీటు జరిగింది. బరువయ్యను మళ్లా ఎక్కించాల."

"రాహుకాలం వస్తాంది, బిరీన కానీమ్మా! గీతకు గీత కలిపెయ్."

"మీ బరువుకు మెత్త కూడా అణిగింది సార్. గీత కలిస్తే చాలదు."

"రెండు డిగ్రీలు వాలితే ఏమైతాది? కూర్చునేది బొమ్మే కదా!"

"వాలి కూర్చున్నోడు బెల్టు కింద నుంచి జారతాడు సార్. తప్పు కొలత మీద మనం రాసింది జనం నమ్ముతారు. నేను సంతకం పెట్టను."

"కంపెనీ వాళ్లు కాచుకోనుండారు. నీకు ఉద్యోగం వద్దా ఏంది?"

"మీ పాపకు బుక్ చేసింది ఈ మోడలు బండే కదా సార్?"

 సారు వెళ్లి నా బిళ్ల ఒకటి తానే మోసుకొచ్చాడు.

నన్ను మళ్లీ ఎక్కించారు. ఇరవై అయిదు. నిక్షేపంగా రాహుకాలంలోనే బండి గోడకు గుద్దుకుంది. బొమ్మ బెల్టులోనే నిలిచింది. హొన్నూరమ్మ అప్పుడు సంతకం పెట్టింది.

సాయంత్రం నా మూల నుంచి చూశాను. సారు తన కారెక్కి, పడక్కుర్చీలో లాగా వెనక్కి వాలాడు. హొన్నూరమ్మ వెళ్లి అద్దం మీద తట్టింది.

"సార్, వీపు."

సారు ఒక పన్ను లేపాడు. ఆమె కదలలేదు. ఇంకో పన్ను లేపాడు. ఎన్ని డిగ్రీలకు వచ్చిందో నాకు తెలియదు. నన్నెవరూ కూర్చోబెట్టలేదు.