ఆరుగురికి సరిపడా కూర

భార్య పోయాక మొదటిసారి, ఆ ఆదివారం, లిఫ్ట్ మెకానిక్ గంటల తరబడి నెమ్మదిగా ఉడికించే కరెంటు స్లో కుక్కర్ బయటికి తీశాడు. బీఫ్ ముక్కలు, పెద్దగా తరిగిన బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, మిరియాలు వేసి తక్కువ వేడిలో పెట్టాడు. అతనికి తెలిసినవి ఆమె కొలతలే. అవి ఆరుగురికి సరిపోయేవి.

మధ్యాహ్నానికి ఘుమఘుమలు మెట్లదాకా పాకాయి. పక్కింటి టీచరమ్మ తలుపు తట్టింది.

"ఏంటన్నయ్యగారూ, చుట్టాలొస్తున్నారా?"

ఎవరూ రావట్లేదని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. "ఆఁ, ఇద్దరొస్తున్నారమ్మా," అనేశాడు.

"మీకున్నవి రెండు కుర్చీలేగా!" అంటూ, వద్దన్నా వినకుండా ఇంకో రెండు తెచ్చిపెట్టింది.

సాయంత్రానికి మాంసం గరిటె తగిలితే విడిపోయేంత మెత్తగా ఉడికింది. నాలుగు కుర్చీల్లో ఒకదాని మీద కూర్చుని ఒక్కడే తిన్నాడు. అచ్చం ఆమె చేతి రుచే. ఆ మాట చెప్పుకునే దిక్కు లేదు.

కుర్చీలు తిరిగిచ్చేటప్పుడు టీచరమ్మ అడిగింది.

"కడుపునిండా తిన్నారా వాళ్లు?"

"ఎవరూ రాలేదమ్మా. నేను పిలిస్తే కదా."

ఆమె లోపలికెళ్లి పెద్ద గిన్నె తెచ్చింది. "మా పిల్లలకి కాస్త పెట్టండి. మధ్యాహ్నం నుంచీ ఆ వాసనకి గోల చేస్తున్నారు."

అతను గిన్నె నిండా పెట్టిచ్చాడు. తలుపేసుకుని, గోడ అవతల చెంచాల చప్పుడు, పిల్లల అల్లరి వింటూ, మిగిలింది డబ్బాల్లో సర్దుకున్నాడు.