నదివైపు గది

సెలవుల వారాంతంలో నది మీద బాణసంచా కాలుస్తారనీ, ఆ రెండు రాత్రులూ నగరంలో హోటల్ గది దొరకడం గగనమనీ నాకు ముందే తెలుసు. పైపులూ కుళాయిలూ టోకున అమ్మేవాడిని. గిరాకీ లేనప్పుడే సరుకు కొని పెట్టుకోవాలని ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు. అందుకే మూడు నెలల ముందే ఫోన్ చేసి, ఏడో అంతస్తులో నదివైపు రెండు మంచాల గది పట్టాను. శుక్ర, శనివారాలు కలిపి తీసుకోవాల్సిందేనన్నారు. సరేనన్నాను. రద్దు చేసుకుంటే పైసా వెనక్కి రాదన్నారు. దానికీ సరేనని, బదులుగా పొద్దుటి టిఫిన్ అందులోనే కలిపించాను.

రెండో మంచం మా అమ్మాయికి. ఆ నగరంలోనే ఆసుపత్రిలో నర్సు. ఉండేది ఆడపిల్లల హాస్టల్లో. తండ్రినైనా గేటు దాటనివ్వరు. వాళ్లమ్మ పోయాక మా మాటలన్నీ ఫోన్లోనే. తిన్నావా అంటే తిన్నా, నువ్వు తిన్నావా అంటే తిన్నా. అక్కడితో సరుకు ఖాళీ. దాన్ని కళ్లారా చూసి పదకొండు నెలలైంది. ఒక పగలూ ఒక రాత్రీ ఒకే గదిలో ఉంటే నాలుగు మాటలు వాటంతటవే వస్తాయని నా లెక్క.

లెక్క బాగానే ఉంది. చెప్పడంలోనే బోల్తాపడ్డాను. వస్తువు మీద మనసు పడ్డట్టు కనబడితే ధర ఎదుటివాడి చేతికి పోతుంది. ముప్పై ఏళ్లు అదే పాఠం వల్లించిన నోరు కూతురి దగ్గర మాత్రం ఎలా మారుతుంది?

"అమ్మడూ, ఆ వారం నాకక్కడ డీలర్లతో పనుంది. హోటల్లో రెండు మంచాల గదే మిగిలిందట. ఒక మంచం ఊరికే పడుంటుంది. వీలైతే శనివారం వచ్చి బాణసంచా చూసిపో. లేకపోతే లేదు."

"సెలవుల్లో డీలర్లేంటి నాన్నా?"

"వ్యాపారానికి సెలవేంటే!"

"నువ్వు మారవు," అని నవ్వింది. "శనివారం నాకు సెలవే. రోజు దగ్గరపడ్డాక చెప్తాలే."

ఆ మాటనే బయానాగా తీసుకున్నాను. శనివారం నాలుగింటికి నదివైపు రోడ్లు మూసేస్తారు కాబట్టి రెండింటికల్లా వచ్చేయాలి. జనం ఎగబడకముందే, ఏడింటికే భోజనం. కిటికీకి ఏ కట్టడమూ అడ్డు లేదు కదా అని రిసెప్షన్ అతన్ని మళ్లీ మళ్లీ అడిగాను.

"సార్, ఇది తొమ్మిదో ఫోను. నది ఎక్కడిదక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు," అన్నాడు చివరికి.

శుక్రవారం సాయంత్రానికే దిగాను. శనివారం రెండైంది, మూడైంది. ఫోన్ చేశాను.

"డ్యూటీలో ఉన్నా నాన్నా. పగలూ రాత్రీ కలిపి, రేపు పొద్దున ఎనిమిది దాకా. నిన్న మెసేజ్ పెట్టాగా?"

పెట్టింది నిజమే. పైపుల ధరల మెసేజ్‌ల కింద ఎక్కడో కూరుకుపోయింది.

"సెలవన్నావుగా?"

"మా వార్డులో ఒకామెకి ఇద్దరు పిల్లలు. బాణసంచా చూపించమని ప్రాణాలు తోడేస్తున్నారట. నా సెలవు ఆమెకిచ్చేశా. నీకేమో డీలర్లు, మంచమేమో ఊరికే పడుండేది. దాని కోసం సెలవు దండగ చేసుకోవడమెందుకని. నీ కూతుర్నేగా!"

అవతల తోపుడు మంచం చక్రాల చప్పుడు, ఎవరో "సిస్టర్" అని కేక.

"డీలర్లెవరూ లేరే."

"ఏంటీ?"

"ఎవరూ లేరు. ఇది మిగిలిన గదీ కాదు. నీ కోసమే తీసుకున్నా, మూడు నెలల కింద."

అవతల చక్రాల చప్పుడు దూరమైంది.

"ఆ ముక్క అప్పుడే చెప్తే సెలవు ఎవరికిచ్చేదాన్ని నాన్నా?"

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడగలేదు.

"రేపు డ్యూటీ దిగి రా. గది పన్నెండింటి దాకా మనదే."

"వస్తే మాట్లాడే ఓపిక కూడా ఉండదు. పడి నిద్రపోతా."

"నిద్రపో."

"చూస్తాలే," అని పెట్టేసింది.

చూస్తానని వెళ్లిన గిరాకీల్లో ఎందరు తిరిగొస్తారో నాకు బాగా తెలుసు. అయినా కిందికి దిగి, రేపు సాయంత్రం దాకా గది ఉంచమని అడిగాను.

"అయితే ఇంకో రోజు అద్దె కట్టాలి సార్. ఇప్పటికిప్పుడంటే ధర ఎక్కువ..."

"కట్టేస్తా."

రిసెప్షన్ అతను తలెత్తి చూశాడు. తొమ్మిది ఫోన్లలో టిఫిన్ దగ్గర్నుంచి తువ్వాళ్ల దాకా నేను ఆడిన బేరమంతా అతనికి తెలుసు. "ఎవరైనా వస్తున్నారా సార్?"

"మా అమ్మాయి. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకుంటుంది."

"రాకపోతే?"

"వస్తే లేపకండి," అని లిఫ్టెక్కాను.

నాలుగింటికి రోడ్లు మూసేశారు. చాపలు చంకన పెట్టుకుని, పిల్లల్ని భుజాలకెత్తుకుని జనం నదివైపు నడిచారు. ఏడింటికి భోజనానికి దిగలేదు. తొమ్మిదింటికి మొదటి చప్పుడు వినగానే కింద వేలమంది ఒక్క గొంతుతో కేక వేశారు. ఎరుపు, ఆ వెనకే ఆకుపచ్చ, కిటికీలోంచి వచ్చి ముడత పడని ఆ రెండో మంచం దుప్పటి మీద పడ్డాయి. నేను అటే చూస్తూ కూర్చున్నాను. కిటికీవైపు తిరగలేదు.