దొంగ లేకుండా మోగే చెక్క

నాకు కాలు ఒకచోట నిలవదు. ల్యాబ్‌లో రక్తమూ మూత్రమూ ఇచ్చి, ఫలితం వచ్చేదాకా కూర్చోవాలంటే ప్రాణాలు తోడేసినట్టుంటుంది. ఆ రోజూ ఆసుపత్రి వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే నా మొగుడు వాసిస్ విసుక్కున్నాడు.

"కాస్త కూర్చోవే లింతాంగ్. చూసేవాళ్లకి కళ్లు తిరుగుతున్నాయి."

"కిడ్నీలు నీవైతే తెలిసేది, కూర్చోవడమంటే ఏంటో."

లూపస్ అనే జబ్బు వచ్చింది నాకు. మొదట బుగ్గల మీద ఎర్రటి మచ్చ, తర్వాత వేళ్ల కీళ్లు. బాతిక్ బట్ట మీద మైనం గీతలు గీసే కలం కూడా పట్టుకోలేకపోయాను. మందులతో ఎలాగో అదుపులోకి వచ్చింది. ఇక పిల్లల గురించి ఆలోచించుకోవచ్చని డాక్టర్ పలుపి అన్నారో లేదో, మూత్రంలో ప్రొటీన్ మళ్లీ కనబడింది. ఈసారీ తగ్గకపోతే సెలైన్‌లో గట్టి మందు ఎక్కించాలట. కిడ్నీలు దక్కుతాయి గానీ, ఆ తర్వాత పిల్లలు పుట్టకపోవచ్చట.

తగ్గలేదు. పెరిగింది.

డాక్టరమ్మ పోలీసులా ప్రశ్నలు మొదలుపెట్టారు. "ఎండలో తిరిగారా?"

"గొడుగు లేకుండా గుమ్మం దిగను."

"మాత్రలు మానేశారా?"

"మానితే మీరు బతకనిస్తారా?"

ఆవిడ నవ్వలేదు. "ఇంకేమైనా తాగుతున్నారా?"

"పొద్దున్నే మా అమ్మ నూరి ఇచ్చే జాము కషాయం. నానబెట్టిన బియ్యం, కచ్చూరం, తాటిబెల్లం. మీరే పర్లేదన్నారు."

"బలానికని ఆకులేవీ కలపట్లేదు కదా? మీకు తక్కువైంది బలం కాదండీ. మీ వీధి మొదట్లో కెంతోంగన్ చెక్క వేలాడుతుంటుందా?"

"ఎందుకుండదు? దొంగొస్తే కావలివాళ్లు కొడతారు."

"ఒంట్లోనూ అలాంటిది ఒకటుంది. ఇంటర్‌ఫెరాన్. అదీ ప్రొటీనే, కాకపోతే కబురు మోసే ప్రొటీన్. వైరస్ వచ్చిందంటే ఒక కణం దాన్ని వదిలి మిగతావాటిని లేపుతుంది. మీ ఒంట్లో ఆ చెక్క దొంగ లేకుండానే మోగుతోంది. కర్రలు పట్టుకుని వచ్చినవాళ్లు దొంగ దొరక్క మీ ఇళ్లే పగలగొడుతున్నారు. ఇప్పుడు కిడ్నీల వంతు. నా మందులు ఆ గోల తగ్గించడానికి. మధ్యలో ఎవరైనా వాళ్లని ఉసిగొల్పితే నేనేం చెయ్యను? రెండు వారాలు చూస్తాను. ఆ తర్వాత ఆగను."

ఇంటికి వస్తుంటే దారంతా అమ్మ ఇచ్చే జాము గ్లాసే కళ్లముందు మెదిలింది. మా అమ్మ సామియెం నేను పుట్టకముందు నుంచీ జాము సీసాల బుట్ట వీపుకి కట్టుకుని మా సోలో ఊరి వీధులన్నీ తిరుగుతోంది. చేదు జాము తాగినవాళ్లకి చివర్లో ఒక గుక్క తీపిది ఊరికే పోస్తుంది. ఆ అలవాటు జాము అమ్మే ఆడవాళ్లందరికీ ఉంది. ఈమధ్య నా గ్లాసులో తీపి మరీ ఎక్కువైంది. చేదు లేనిదే మా అమ్మ అంత తీపి ఎందుకు పోస్తుంది?

అమ్మ పెరట్లో రోటి ముందు కూర్చుని ఉంది.

"నా గ్లాసులో ఏం కలుపుతున్నావే అమ్మా?"

"ఏం కలుపుతాను, బెల్లం."

"ఆ బెల్లంతో ఏం దాస్తున్నావని అడుగుతున్నా."

పొత్రం ఆగింది. "నేల ఉసిరి. పిడికెడంటే పిడికెడు. ఆ డాక్టరమ్మ మాత్రలు ఒంట్లో కావలి తగ్గిస్తాయని నీ మొగుడే చదివి చెప్పాడు. ఆవిడ తీసేస్తుంటే నేను పోస్తున్నా. తప్పేముంది? కరోనాలో ఈ వీధి వీధంతా తాగింది నా చేత్తో నూరిందే!"

"వీధి వేరు, నేను వేరు!" ఒళ్లు మండిపోయింది నాకు. "నా కడుపు పండకుండా చేస్తోంది నువ్వే, తెలుసా?"

అనేశాక నాలుక కరుచుకున్నాను. అప్పటికే అమ్మ ముఖం పాలిపోయింది. డాక్టరమ్మ చెప్పిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అమ్మ రోట్లో నూరినదాన్ని వేలితో తీసి చూసుకుంది.

"అంటే ఆ చెక్క కొట్టేవాడి చేతికి కర్ర ఇచ్చింది నేనేనా?"

"ఏమో. ఖాయంగా ఎవరు చెప్తారు?"

అమ్మ ఆకులన్నీ తీసుకెళ్లి కాలవలో పారేసింది. మర్నాటి నుంచి నాకు గ్లాసు రాలేదు. అమ్మ నా కళ్లలోకి చూడటమూ మానేసింది. ఆ రెండు వారాలూ నేను మైనం కరిగించడం, చల్లార్చడం, మళ్లీ కరిగించడం తప్ప ఒక్క పువ్వు గీసిన పాపాన పోలేదు.

పరీక్ష రోజున పిలవకుండానే అమ్మ మా వెంట వచ్చింది, అలవాటుగా వీపున బుట్టతో. ఈసారి వరండాలో అమ్మా నేనూ ఇద్దరం తిరిగాం. వాసిస్ కాళ్లు ముడుచుకుని దారిచ్చాడు.

"బాగా తగ్గింది," అన్నారు డాక్టరమ్మ, కాగితం నా వైపు తిప్పి. "సెలైన్ మందు ఇప్పట్లో అక్కర్లేదు."

వాసిస్ గట్టిగా ఊపిరి వదిలాడు. నేను నవ్వుతూ అమ్మ వైపు తిరిగాను. అమ్మ గోడకి జారగిలబడి నేల మీద కూలబడింది.

"తగ్గిందా తల్లీ? అయితే పెంచింది నేనేగా!"

"మందులే పనిచేసుంటాయిలేమ్మా."

"నాకు చెప్పకు. ఆకు మానేస్తే తగ్గిందంటే ఆకుదే దోషం. మా అమ్మ నాకు మొట్టమొదట నేర్పింది అదే." కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నా కోపం ఎటు పోయిందో పోయింది. పక్కన కూలబడ్డాను.

"దాహమేస్తోందమ్మా."

"మీ ఆయన్ని కొనుక్కురమ్మను."

"నీ చేత్తో నువ్వే పొయ్యి."

బుట్టలో అమ్మ తాగే నీళ్ల సీసా ఉంది. గ్లాసు కడిగింది, చాలదన్నట్టు మళ్లీ కడిగింది. నీళ్లు పోసి, వెలుతురుకి ఎత్తి చూసి, ముందు తనే ఒక గుక్క తాగి నాకిచ్చింది.

"ఉత్త నీళ్లేనే. ఏమీ కలపలేదు."

అడుగుదాకా తాగి గ్లాసు ఆవిడ ముందుకే చాపాను.

"ఇంకొంచెం పొయ్యి," అన్నాను.