ఫుంకె చెవులు

గుర్రాల పోటీలకు వెళ్ళే ప్రతి ఇంట్లోనూ ఒక బడుద్ధాయి ఉంటాడు. ఉత్తర జర్మనీలో మా ఎమ్స్ నది వైపు ఆ పదవికి పేరే అది, పోటీ బడుద్ధాయి అని. బకెట్లు మోయాలి, బూట్లు తుడవాలి, గుర్రం తోకకు లద్దె అంటితే కడగాలి. గెలిచిన ఫోటోలో కనపడడు, ఓడిన రోజు తిట్లన్నీ అతనికే. హిన్రిక్ ఆ పదవిలో చేరి చాలా ఏళ్ళయింది. ఇంటి దగ్గర అతను పెద్ద పాడి రైతు, ఆవులన్నీ అతని మాట వింటాయి. పోటీ మైదానంలో మాత్రం అతని మాట వినేవి బకెట్లే.

అతని భార్య ఫెన్నా బడి బస్సు నడుపుతుంది. యాభై దాటాయి. వారమంతా కేకలు పెట్టే పిల్లల్ని మోసి, మిగిలిన పొద్దంతా ఫుంకె మీద గడుపుతుంది. ఫుంకె అంటే నిప్పురవ్వ. పేరు పెట్టినవాళ్ళు ఆలోచించే పెట్టారు. గాలికి కాగితం ఎగిరితే ఆ ఆడగుర్రం కూడా ఎగురుతుంది. ఎవరైనా గొడుగు విప్పితే పక్క జిల్లాలో తేలుతుంది. కానీ మనసు పెట్టి నడిచిందా, చూసేవాళ్ళు చేతిలో కాఫీ చల్లారిపోతున్నా తాగడం మరిచిపోతారు.

గుర్రం ఉండేది ఫెన్నా వాళ్ళ కొట్టంలోనే గానీ, ఆమెది కాదు. దాన్ని పుట్టించి పెంచింది గేషె. చిన్నప్పుడు ఫెన్నాను మొదటిసారి జీను ఎక్కించిందీ ఆవిడే కాబట్టి, చుట్టరికం లేకపోయినా ఫెన్నా ఇప్పటికీ ఆవిణ్ణి గేషె అత్త అనే పిలుస్తుంది. గత రెండేళ్ళూ ఉత్తర జర్మనీ ఔత్సాహికుల డ్రెసాజ్ ఛాంపియన్‌షిప్‌లో, అంటే గుర్రాన్ని ఎంత ఒద్దికగా నడిపించారో చూసి మార్కులు వేసే పోటీలో, ఫుంకె ఒకసారి చప్పట్లకూ, ఒకసారి మైకుకూ బెదిరి, మోకాలెత్తు తెల్లకంచె దూకి బరి బయట పడింది. నాలుగు కాళ్ళూ బయట పడితే ఇక ఇంటికే. ఈసారి బయల్దేరే ముందురోజు గేషె టీలో మీగడ వేసుకుంటూ సంగతి తేల్చేసింది.

"చూడు పిల్లా, గెలవమని అడగట్లేదు. చివరి వందనం దాకా కంచె లోపల ఉండండి, చాలు. లేదంటే వసంతంలో ఇది దేశం ఆ కొసకు, బవేరియా వెళ్తుంది. అక్కడ రోజంతా గుర్రాల మీదే బతికేవాళ్ళున్నారు. నీకు బస్సుంది, మొగుడున్నాడు."

"మొగుణ్ణి బవేరియా పంపరాదూ," అంది ఫెన్నా.

"వాణ్ణెవరు తీసుకుంటారే."

హిన్రిక్‌తో సహా అందరూ నవ్వారు. ఆ సాయంత్రం ఫెన్నా కొట్టంలో ఫుంకె మెడకు నుదురు ఆనించి చాలాసేపు అలాగే నిలబడింది. మేత వెయ్యడానికి వెళ్ళిన హిన్రిక్ అది చూసి, మేత బుట్టతోనే వెనక్కి వచ్చేశాడు.

ఫుంకె చెవుల్లో పెట్టడానికి రెండు స్పాంజి ఉండలుండేవి. వాటి మీద అల్లిన చెవిటోపీ తొడిగితే లోకంలో రొద సగం తగ్గేది. సన్నాహ మైదానంలో వాటికి అనుమతి ఉంది. బరిలోకి అడుగుపెట్టాక మాత్రం చెవులు ఖాళీగా ఉండాలి. బయటికొచ్చాక తనిఖీ చేసే ఆవిడ చెవిటోపీ కింద వేలుపెట్టి చూస్తుంది, ఉండ దొరికితే పోటీ నుంచి తీసేస్తారు. పెట్టడం ఫెన్నా పని, గేటు దగ్గర తీయడం హిన్రిక్ పని. ఎన్ని పోటీలకు వెళ్ళినా అతను ఒక్కసారీ మరవలేదు.

ఆదివారం పొద్దున్న సన్నాహ మైదానంలో ఫుంకె కుదురుగా లేదు. అడ్డంగా నడిచింది, ఉన్నచోటే గెంతింది, జీను కింద చెమట నురగ కట్టింది. చెవులు మూసినా ఇలా ఉంటే, తీశాక దీన్ని ఎవరు పట్టుకుంటారు అని హిన్రిక్ బెంగపడ్డాడు. ఫెన్నా మొహంలో మాత్రం ఏ కంగారూ లేదు. బస్సులో వెనక సీట్ల వాళ్ళు జుట్లు పట్టుకుంటున్నప్పుడు కూడా ఆమె మొహం అలాగే ఉంటుంది.

ముందు రావలసిన గుర్రం కుంటిందని దాన్ని తప్పించారు. అనుకున్నదానికంటే ముందే మైకులో ఫెన్నా పేరు పిలిచారు. హిన్రిక్ పరుగెత్తాడు. బూట్లు తుడిచాడు, గుర్రం కాళ్ళ పట్టీలు విప్పాడు, మూడో పని అందుకునేలోపే గంట మోగింది. పట్టీలు చంకలో పెట్టుకుని పక్కకు తప్పుకున్నాడు. గుర్రం లోపలికి వెళ్ళిపోయింది.

నడి గీత మీద వచ్చి, ఆగి, ఫెన్నా తలవంచి న్యాయనిర్ణేతలకు వందనం చేసింది. ఫుంకె నిలబడింది. హిన్రిక్ పక్కన నిలబడ్డ గేషె ఊపిరి బిగబట్టింది. చిన్న పరుగులో మూలలు తిరిగారు, బరి ఈ మూల నుంచి ఆ మూలకు సాగారు. గుర్రం ఒళ్ళంతా నిప్పే, కానీ ఆ నిప్పు పొయ్యిలో ఉంది. తన భార్య వీపు చూస్తూ హిన్రిక్ ఒక మాట అనుకున్నాడు, ఇన్నేళ్ళ కాపురంలో పైకి అనలేని మాట. ఎంత బాగుందో ఈ మనిషి అనుకున్నాడు.

అసలు పరీక్ష దౌడులో ఉంది. వలయం తిరుగుతూ చేతులు రెండూ ముందుకు చాచి, పగ్గాలు వదులు చేసి, గుర్రం తనంతట తాను దౌడు తీస్తోందని చూపించాలి. బెదురు గుర్రం మీద అంతకన్నా ధైర్యమైన పని లేదు. ఫెన్నా చేతులు చాచింది. సరిగ్గా అప్పుడే బీరు గుడారం దగ్గర ఖాళీ సీసాల పెట్టె ఎవరి చేతిలోంచో జారి భళ్ళున పగిలింది.

జనమంతా ఉలిక్కిపడ్డారు. గేషె హిన్రిక్ చెయ్యి పట్టేసుకుంది. ఫుంకె ఒక్కసారి ఒళ్ళు జలదరించి, దూకబోతున్నట్టు వెనక కాళ్ళు ఒంటి కిందికి తెచ్చుకుంది. ఎవరైనా పగ్గాలు గుంజుతారు. ఫెన్నా గుంజలేదు. చాచిన చేతులు చాచినట్టే ఉంచి, భుజాలు దించి, ఒక పెద్ద ఊపిరి వదిలింది. ఫుంకె కూడా ముక్కు చీది అదే దౌడు సాగించింది.

"అది పారిపోలేదు," అంది గేషె గుసగుసగా. "హిన్రిక్, అది పారిపోలేదు."

ఎందుకు పారిపోలేదో హిన్రిక్‌కు అప్పుడు తట్టింది. ఉండలు తీయలేదు. పట్టీలు తీశాడు, ఉండలు తీయలేదు.

మిగతాదంతా అతను చూశాడు గానీ బుర్రకు ఎక్కలేదు. చివరి వందనం అయింది. ఫెన్నా వదులు పగ్గంతో బయటికి వస్తోంది, చెంపలు తడిసి ఉన్నాయి. గేటుకూ తనిఖీ ఆవిడకూ మధ్య కాస్త జాగా ఉంది. అక్కడ బడుద్ధాయి గుర్రానికి చక్కెర బిళ్ళ పెట్టి తల నిమరడం మామూలే. నిమురుతూ రెండు ఉండలూ లాగేస్తే ఈ లోకంలో ఎవరికీ తెలియదు. ఫుంకె ఇంట్లోనే ఉంటుంది.

చెయ్యి చెవి దాకా వెళ్ళింది. ఆ చాచిన చేతులు గుర్తొచ్చాయి. అంత నిజంగా చేసిన పనికి తన చేత్తో దొంగతనం అంటించడానికి అతనికి మనసొప్పలేదు. చెయ్యి దించి, గుర్రాన్ని నడిపించుకుంటూ నేరుగా తనిఖీ ఆవిడ ముందుకు వెళ్ళాడు.

"చెవులు చూడండి మేడమ్. ఉండలు తీయడం మరిచాను. తప్పు నాది, ఆమెది కాదు."

తనిఖీ ఆవిడ చేతి తొడుగు వేసుకుని ఈ చెవి చూసింది, ఆ చెవి చూసింది. మళ్ళీ మొదటి చెవి చూసింది.

"ఏం లేవండి," అంది. "ఎండలో నిలబడ్డారా? కాసిని నీళ్ళు తాగండి."

హిన్రిక్ ఫెన్నా వైపు చూశాడు.

"పొద్దున్న పెట్టలేదు," అంది ఆమె జీను మీంచే. "అప్పటిదాకా చెవులు మూసి, గేటు దగ్గర ఒక్కసారిగా తెరిచి, ఇక నా మాట విను అంటే ఎలా వింటుంది? నా ఊపిరి కూడా దానికి అందట్లేదని మొన్న కొట్టంలో తోచింది."

"నాకో మాట చెప్పొద్దూ?"

"చెబితే నీ చేతులు వణుకుతాయి. నీ వణుకు దానికి, దాని వణుకు నాకు. గేటు దగ్గర నువ్వు చెవుల జోలికి రాకపోతే, కనిపెట్టేశావేమో అనుకున్నా." ఆమె వంగి అతని టోపీ కళ్ళ మీదికి లాగింది. "పిచ్చిమొద్దూ. నిజంగా ఉండి ఉంటే?"

హిన్రిక్ టోపీ పైకి నెట్టుకుని ఫుంకెకు చక్కెర బిళ్ళ పెట్టాడు.

గేషె ఇంకా గుర్రం చెవుల వైపే చూస్తోంది. "అంటే ఆ సీసాల చప్పుడు విన్నది," అంది నెమ్మదిగా. "పూర్తిగా విన్నది. విని కూడా నీతోనే ఉంది." కాసేపు ముక్కు తుడుచుకుంది. తరువాత మామూలు గొంతుతో, "హిన్రిక్, సామాను సర్దుకో. బవేరియాకు నిన్నే పంపుతున్నాం," అంది.

మైకులో మార్కులు చదివారు. పతకం రాలేదు, ఏడో స్థానం. అయినా చుట్టూ చప్పట్లు హోరున లేచాయి. ఫుంకె అదిరిపడి పక్కకు గెంతి సూటిగా హిన్రిక్ పాదం మీద దిగింది.

"చెవులు బాగానే పనిచేస్తున్నాయి," అన్నాడతను పళ్ళ బిగువున. కళ్ళలో నీళ్ళు కాలి నొప్పివల్లేనని ఆ సాయంత్రం కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాడు.