బియ్యం డబ్బాలో డోలు పుల్ల

కెనడాలో అబ్బట్స్‌ఫోర్డ్ పొలాలు మునిగిన వరద వచ్చి రెండేళ్లయిన ఏడు అది. అప్పుడు నీళ్లు చేరిన బేస్‌మెంట్‌ను బాగుచేయించాక, కాశీవిశ్వనాథం మనవడు లోహిత్ అందులో పాటల సాధన మొదలుపెట్టాడు. తోడు డెర్మట్ అనే ఐర్లండ్ మనిషి. అతని చేతిలో జల్లెడంత డోలు, వాయించడానికి ఒకే ఒక్క పొట్టి పుల్ల.

ఆ దరువు చెవిన పడగానే ముసలాయన మెట్ల మీదే ఆగిపోయాడు. వాళ్ల ఊళ్లో మిలిటరీకి ఎంపికైనవాళ్లను డప్పులతో రైలుస్టేషను దాకా సాగనంపడం ఆనవాయితీ. ఆయన పెద్దన్న అలాగే వెళ్లాడు. తిరిగి ఇనప్పెట్టె ఒక్కటే వచ్చింది. ఇదీ అలాంటి నడక దరువే. పైగా డెర్మట్‌ది మిలిటరీవాళ్లలా పొట్టి క్రాపు. లోహిత్‌కు చదువైపోయింది, ఉద్యోగం లేదు. ఈ దేశంలో పౌరసత్వం లేకున్నా, శాశ్వత నివాసమిచ్చే పీఆర్ కార్డుంటే చాలు, మిలిటరీలోకి తీసుకుంటారని గుళ్లో ఎవరో అనుకోగా ముసలాయన విన్నాడు.

"ఆ తెల్లోడు ఏం చేస్తాడ్రా?"

"ప్లంబర్, తాతయ్యా."

"ప్లంబరుకి డోలెందుకు?"

"నీ డౌట్లు నువ్వూ!" అని నవ్వేశాడు లోహిత్.

శనివారం కచేరీ అనగా ఆ పొద్దున పుల్ల మాయమైంది. కూతురు వాసంతి సోఫాలు కూడా జరిపి చూసింది.

"నాన్నా, మీరేమైనా చూశారా?"

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. సాయంత్రం పిలవకుండానే కారెక్కి కూర్చున్నాడు.

డెర్మట్ అరచేత్తోనే డోలు వాయించాడు. లోహిత్ పాడాడు. ముసలాయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. జనం మాత్రం లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు.

"ఏంట్రా ఆ పాట?" తిరిగొచ్చేటప్పుడు అడిగాడు.

"సైన్యంలో చేర్చుకోడానికి సార్జెంటు డోలు కొట్టుకుంటూ ఒకావిడ ఇంటికొస్తాడు తాతయ్యా. పెద్దోణ్ణి తీసుకెళ్లి కోటొక్కటే తెచ్చావు, చిన్నోణ్ణి ఇవ్వను పొమ్మని ఆవిడ తలుపేసేస్తుంది. చాలా పాత పాట. ఈ యుద్ధాలు చూసి మళ్లీ అందరూ పాడుతున్నారు."

"మరి చప్పట్లెందుకు?"

"తలుపేసినందుకు!"

 ముసలాయన మనవడి ముఖంలోకి ఒకసారి అనుమానంగా చూశాడు. పాట మంచిదే. పాడేవాడికి ఉద్యోగమైతే ఇంకా రాలేదు.

మర్నాడు పొద్దున్నే వంటింట్లోకి వెళ్లి, బియ్యం డబ్బా అడుగున దాచిన పుల్ల తీసి, కండువాతో తుడిచి, లోహిత్ బూట్ల మీద పెట్టాడు. తర్వాత వాడి పర్సులోంచి పీఆర్ కార్డు తీసి, అదే బియ్యంలో అడుగుదాకా దూర్చి, డబ్బా మూత గట్టిగా బిగించాడు.