సాగనంపు బండి

ఆ చెత్తమూట ముడి తనదేనని కూర్మమ్మ దూరం నుంచే పోల్చుకుంది. పాత పసుపుచీర పేలిక చింపి, రెండు చుట్లు తిప్పి బిగించే ముడి. బజారులో రొట్టెల కొట్టు కట్టేసేటప్పుడు రోజూ తన చేత్తో వేసేదే. ఎక్కడో కొండ అవతల సర్కారు చెత్తదిబ్బకి పోవలసిన మూట, తెల్లారేసరికి పైడితల్లి గుడి వెనక, తాతల నాడు మలాయి దేశం వచ్చిన తోట కూలీల లయం వరస ఇళ్ళకి కూతవేటు దూరంలో పడి ఉంది. దాని చుట్టూ ఫ్యాక్టరీ రబ్బరు చేతి తొడుగులు, రంగు డబ్బాలు, కాలిన వైర్లు. పోసిన లారీ ఇంకా అక్కడే ఉంది. అందులోంచి దిగినవాడు అప్పడు, ఆమె మొగుడు.

"ఏటయ్యా ఇది? మన్ను పోస్తన్నానన్నావు గదా?"

అప్పడు మొహం తిప్పుకున్నాడు. "మీద మన్నే పోస్తారే. కింద ఏటుంటే మనకేటి? తౌకే పొయ్యమన్నాడు, పోసినాను."

"నా కొట్టు సెత్త తెచ్చి నా ఇంటెనకే పోసినావా! దీన్ని దిబ్బకి తోలతానని గదా నీ తౌకే నాకాడ డబ్బులట్టుకెల్తన్నాడు!"

అప్పడు లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

సంగతి ఇది. ఆ ఏడు సర్కారు చెత్తదిబ్బ మీద కొత్త పన్ను వేసింది. దిబ్బ గేటు దాటే లారీని తూకం వేసి, బరువును బట్టి వసూలు. జనం చెత్త తక్కువ పారేయాలని వేశామన్నారు. ఇళ్ళవాళ్ళకి అది ఇంటి పన్నులో కలిసి వచ్చింది. కొట్లకీ ఫ్యాక్టరీలకీ అప్పడి తౌకే, అంటే యజమాని, చెత్త కాంట్రాక్టరు శివలింగం నోటి మీదుగా వచ్చింది. "నేనేం చెయ్యను, సర్కారు పెంచింది" అని చేతులు తిప్పి మరీ వసూలు చేశాడు. అందరూ కట్టారు. కట్టింది శివలింగం జేబులో ఆగింది, చెత్త కూర్మమ్మ పెరట్లో ఆగింది. గేటు దాకా పోని లారీకి తూకం లేదు, పన్నూ లేదు.

ఇందులో లయం వాళ్ళ తప్పు లేదా అంటే, ఉంది. గుడి వెనక అంతా పల్లం. వాన పడితే మోకాలి లోతు నీళ్ళు, జాతరకి పొయ్యి పెట్టుకునే చోటు ఉండేది కాదు. "తల్లి పేరు చెప్పి ఊరికే మట్టి పోయిస్తాను" అని శివలింగం అనేసరికి గుడి పెద్ద మోహన్‌రాజ్ పొంగిపోయాడు. అమ్మవారి మెడలో దండ తీసి ఆ కాంట్రాక్టరు మెడలో వేశారు. హారతి పళ్ళెం పట్టుకున్నది కూర్మమ్మే. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకి ఇప్పుడు ఒళ్ళు మండిపోతోంది.

మన్ను కింద చెత్త లోలోపలే రాజుకుని, కొన్నాళ్ళకి నేల వెచ్చబడింది. వాన వెలిసిన పూట కూడా గుడి వెనక వట్టి కాళ్ళతో నిలవలేకపోయారు. నెర్రెల్లోంచి సన్నగా పొగ వచ్చేది. మంట మాత్రం కనపడదు. నీళ్ళు పోస్తే బుస్సుమని అక్కడ ఆగి, ఇంకోచోట లేచేది. కుక్కలు అటు పోవడం మానేశాయి. పక్కింటి ఇందిర తొడుగుల ఫ్యాక్టరీలో కూలి. ఆమె కూతురికి ఆయాసం పట్టుకుంది. పిల్ల పడుకోలేక గోడకి చేరబడి నిద్రపోయేది. అందరికీ భయం వేసింది.

మున్సిపాలిటీ ఆఫీసరు వచ్చాడు. ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని చూశాడు. "స్థలం గుడిది. పోయించుకున్నది మీరు. తీయించుకోవలసిందీ మీరే. తీయకపోతే ప్రమాదమని చెప్పి లయం మొత్తం ఖాళీ చేయిస్తాం" అని మలాయి భాషలో చెప్పి కారెక్కాడు. ఆ కారు తిన్నగా పోయి శివలింగం షెడ్డు ముందు ఆగడం బజారంతా చూసింది.

ఆ ఆదివారం గుడి ముందు జనం కూడారు.

"తౌకేని బతిమాలుకుందాం" అన్నాడు మోహన్‌రాజ్. "పెద్దమనిసి. దండేసినాం గదా, ఆమాత్రం సూడడా?"

"దండేసినాం గాబట్టే నెత్తినెక్కినాడు!" ఇందిర లేచింది. "మా ఫ్యాక్టరీ సెత్త, మీ కొట్ల సెత్త, అన్నిటికీ డబ్బులు తిన్నాడు. పిల్ల ఊపిరి మాత్రం నాకాడ పోతంది. ఇంకా బతిమాలతావేటి మావా?"

"ముందు పోసినోన్నడగండి!" వెనక నుంచి ఎవరో అరిచారు. అన్ని తలలూ అప్పడి వైపు తిరిగాయి.

"నాను నోరిప్పితే పని పోతాది" అన్నాడు అప్పడు నేల చూస్తూ. "పోసింది నానే గదా, జైల్లో ఎట్టినా ఎడతారు."

కూర్మమ్మ లోపల లెక్క వేసుకుంది. పని పోతే కొట్టుతో ఎలాగో ఈడ్చుకురావచ్చు. మనిషే లోపలికి పోతే? కానీ ఇల్లే పోతే? ఈ గోడల మధ్యే తన తాత పోయాడు, తన పిల్లలు పుట్టారు. ఆమె కొంగు దోపుకుని లేచింది.

"ఊరికి రోగమొస్తే మనమేటి సేస్తాం? పగిలిన కుండలు, పాత సేటలు, సీపుర్లు బండికెత్తి, డప్పు కొట్టుకుంటూ పొలిమేర దాటించీయమా? ఇదీ రోగమే. తెచ్చినోడి గుమ్మంలోకే సాగనంపుదాం."

జనంలో గుసగుసలు బయల్దేరాయి. అప్పడు తలెత్తి పెళ్ళాం వైపు చూశాడు.

"ఎదురుబొంగుల బండి ఇది మొయ్యలేదే" అన్నాడు. "లారీ నాను తెస్తాను."

ఆ రాత్రంతా గుడి వెనక తవ్వి, ఎత్తగలిగినంత చెత్త లారీకి ఎత్తారు. మర్నాడు పొద్దున్నే సాగనంపు బయల్దేరింది. ముందు కుండలూ చేటలూ ఎత్తిన వెదురుబండి, వెనక డప్పులు. ఆ వెనక షిఫ్టు దిగి యూనిఫారంతోనే వచ్చిన తొడుగుల ఫ్యాక్టరీ ఆడవాళ్ళు, షట్టర్లు దింపుకుని వచ్చిన చిన్నకొట్లవాళ్ళు. అందరి వెనకా, పొగలు కక్కుతున్న చెత్తతో అప్పడి లారీ. శివలింగం షెడ్డు గేటు ముందు లారీ వీపు పైకి లేచింది. చెత్తంతా దారికి అడ్డంగా జారింది. కింద ఎర్రగా రాజుకున్న నిప్పు గాలి తగిలి భగ్గుమంది.

"ఎన్నడా అప్పడు ఇదు! నా లారీతో నా గేటు ముందే పోస్తావా?" శివలింగం గేటు లోపలి నుంచే సగం తమిళంలో అరిచాడు.

"సెత్త నాదే, నా కొట్టుదే!" కూర్మమ్మ పసుపుపేలిక మూట ఒకటి ఎత్తి చూపించింది. "దిబ్బకి తోలతానని డబ్బులు తీసుకున్నావు. తోలు!"

పోలీసు జీపులు వచ్చేశాయి. అన్నాళ్ళూ గుడి వెనక పోస్తుంటే నిద్రపోయిన చట్టం, తౌకే గేటు ముందు పోసేసరికి పరుగెత్తుకొచ్చింది. లారీ దొంగతనం, దారిలో చెత్త పోయడం అంటూ అప్పడికి బేడీలు వేశారు. జీపు ఎక్కిస్తుంటే అతను వెనక్కి తిరిగి, "కూర్మీ, ఎల్లిపోండే! నన్నంటుకుని ఉండకండి!" అన్నాడు.

మోహన్‌రాజ్ కంగారుగా చేతులూపాడు. "అయిపోనాది, సాగనంపు అయిపోనాది. ఎనక్కి సూడకుండా ఇల్లకి నడవండి. తాతల నాటి పద్దతి గదా!"

నిజమే, అదే పద్ధతి. రోగాన్ని పొలిమేరలో వదిలాక వెనక్కి చూడకూడదు. చూస్తే వెంట వస్తుంది. జనం కాళ్ళు వాటంతట అవే ఇంటివైపు తిరిగాయి. డప్పు ఆగింది. కూర్మమ్మ కూడా అందరితో నాలుగు అడుగులు వేసింది. వెనక జీపు తలుపు మూసిన చప్పుడు ఆమె చెవిన పడింది.

ఆమె ఆగింది.

"సెత్త పారేసి ఎనక్కి సూల్లేదు" అంది పెద్దగా. "డబ్బులు కట్టి ఎనక్కి సూల్లేదు. దండేసి ఎనక్కి సూల్లేదు. అందుకే గదా మన గుమ్మంలోకొచ్చింది! నాను సూస్తాను. నా మనిసిని ఒగ్గీసి ఎల్లను."

వెనక్కి తిరిగి నడిచి వెళ్ళి, జీపు ముందు రోడ్డు మీద చతికిలబడింది.

ముందు ఇందిర తిరిగింది. ఆ తరవాత యూనిఫారాలన్నీ తిరిగాయి, కొట్లవాళ్ళు తిరిగారు. షెడ్డు లోపల నిలబడ్డ డ్రైవర్లు ఒక్కొక్కరే ఇంజన్లు ఆపి, తాళాలు జేబులో వేసుకుని, గేటు దాటి వచ్చి వాళ్ళ పక్కన కూర్చున్నారు. పామాయిల్ తోట మీద, లయం వైపు నుంచి పొగ నల్లగా లేస్తోంది. చాలాసేపు ఒక్కడే నిలబడిపోయిన మోహన్‌రాజ్, చివరికి డప్పు తన చేతిలోకి తీసుకుని, జీపు వైపు వెనక్కి తిరిగాడు.