పిల్లి దవడలో తెల్ల ముద్ద

నేను ఒక ఎక్స్‌రే ఫిల్మును. నల్లటి ప్లాస్టిక్ రేకును, అంతే. ఫ్యాక్టరీలో పుట్టినప్పుడు నాలో ఏ బొమ్మా లేదు. పశువుల ఆసుపత్రిలో ఒక పిల్లి దవడ కింద పెట్టాకే నాకంటూ ఓ బతుకొచ్చింది.

పిల్లి పేరు సొర. చేపలమ్మే నూకరత్నం పెంపకం. దవడకి నిమ్మకాయంత గడ్డ లేచింది, రాయిలా గట్టిగా. నమలలేక చేప తలకాయ కూడా వదిలేస్తోంది. నూకరత్నం దాన్ని గంపలో పెట్టుకుని తెచ్చింది.

ఫిల్ము తీసినతను నన్ను ఆమె చేతిలో పెట్టాడు. "డాక్టరుగారు గేదెల క్యాంపుకెళ్లారమ్మా. సోమవారం ఇది పట్టుకుని రా, చూసి చెప్తారు." పాలివ్వని జంతువు కదా, ఆగొచ్చు. గేదెకైతే ఆగుతారా?

ఇంట్లో నన్ను ట్యూబులైటుకి అడ్డంపెట్టి అందరూ డాక్టర్లయిపోయారు. నూకరత్నం మొగుడు అప్పన్న వేలుపెట్టి పొడిచాడు.

"ఇదిగో, తెల్లగా కనబడతాంది. చీము. కేన్సరే ఇది. పిల్లలున్న కొంప."

"సోమారం దాకా ఆగయ్యా. డాక్టరుబాబు చూత్తారు."

"ఆగితే నీ కొడుక్కి అంటుకుంటాది. అప్పుడు గంపలో ఆణ్ని మోసుకెళ్దువు గాని."

నోరుంటే అరిచేదాన్ని. నాలో తెలుపంటే ఎముకరా నాయనా, చీము కాదు. ముద్ద అంచు నున్నగా ఉంది, చుట్టూ ఎముకని తినేసిన జాడ లేదు. అయినా అప్పన్ననేం అంటాం? చదివి చెప్పాల్సిన మనిషిని కుర్చీలో లేకుండా చేసినవాళ్లననాలి.

తెల్లారాక అప్పన్న సొరని గోనెసంచిలో కట్టి, ఉప్పుటేరు అవతల వదిలేసి వచ్చాడు.

సోమవారం నూకరత్నం ఖాళీ గంపతో వెళ్లింది. డాక్టరు నన్ను వెలుతురు పెట్టెకి తగిలించాడు. "ఎముక మీద లేచిన గడ్డలా ఉందమ్మా. కేన్సరు పోలికలేం లేవు. కోసి తీసి, ముక్కని పరీక్షకి పంపితే ఖాయంగా తేలిపోతుంది. ఏదీ పిల్లి?"

ఆమె గంపలోకి చూసింది.

ఆ సాయంత్రం చేప ముక్క మెత్తగా నలిపి, ఏటి అవతలి గట్టంతా పేరుపెట్టి పిలుస్తూ తిరిగింది. నన్ను చంకలోనే పెట్టుకుంది. సొర రాలేదు. ఆ దవడతో ఎన్నాళ్లు బతుకుతుంది?

తర్వాత చూరులో దోపారు నన్ను. గ్రహణం నాడు మళ్లీ అందరికీ గుర్తొచ్చాను. నా చాటున సూర్యుణ్ణి చూడ్డం కళ్లకి చేటు. అదీ ఎవరికీ చెప్పలేకపోయాను. వీధి వీధంతా సొర దవడలోంచి సూర్యుణ్ణి చూసింది. అప్పన్నా చూశాడు.

"నువ్వూ చూడవే, అయిపోతాంది" అంటూ పెళ్లాం చేతికిచ్చాడు.

నూకరత్నం తలెత్తలేదు. నన్ను ఒళ్లో పెట్టుకుని, తెల్ల ముద్ద మీద బొటనవేలితో రుద్దుతూ కూచుంది.